తలలు నరికే గుడి

(దక్కన్‌లో దొరల కాలం – 9వ భాగం)

గత భాగంలో సికింద్రాబాద్ దండు ఎలా పుట్టిందో చూశాం. చర్చి, కవాతు మైదానం, క్లబ్బు, సమాధుల తోట – దొరలు ఎక్కడ దిగినా ముందు కట్టుకునేవి ఈ నాలుగూ. అయిదోది ఇంకొకటి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతానని వదిలేశాను. ఈ భాగమంతా దాని గురించే.

అది ఫ్రీమేసన్ల లాడ్జి. లాడ్జి అనగానే ఇవాళ మనకు బస్టాండు పక్కన రోజు అద్దెకు గదులిచ్చే మేడ గుర్తొస్తుంది. ఈ లాడ్జి వేరు. మూసిన తలుపుల వెనక, కొద్దిమంది మగవాళ్లు తెల్లటి తోలు ఏప్రన్లు నడుముకు కట్టుకుని, ఒకరినొకరు 'బ్రదర్' అని పిలుచుకుంటూ ఏదో తంతు జరిపే ఇల్లు. గుమ్మం బయట కత్తి దూసి ఒకడు కాపలా ఉంటాడు. లోపల ఏం జరిగిందో బయట చెప్పబోమని ప్రమాణం. చూడనివ్వని ఇంటికి ఊరు ఊరుకుంటుందా? తనకు తోచిన పేరు పెట్టింది.

ఉత్తరాదిన దాన్ని 'జాదూఘర్' అన్నారు, మంత్రాల ఇల్లు. బొంబాయి వైపు 'షైతాన్ ఖానా' అన్నారు. మద్రాసు వైపు తమిళులు పెట్టిన పేరు అన్నిటికన్నా ఘాటైనది: 'తలైవెట్టి కోవిల్', అంటే తలలు నరికే గుడి. లోపలికి పోయినవాడి తల నరికి మళ్లీ అతికిస్తారని చెప్పుకునేవారట. ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు 'హాబ్సన్-జాబ్సన్' ఈ పేర్లను పట్టి ఉంచింది.

పుకారు అంటాం గానీ, దీనికి కాస్త ఆధారం లేకపోలేదు. మేసన్లకు మూడు మెట్లున్నాయి. మూడో మెట్టు ఎక్కేవాడి చేత ఒక కథ ఆడిస్తారు. సొలొమోను రాజు జెరూసలేములో దేవాలయం కట్టిస్తుంటే, ప్రధాన శిల్పి హిరామ్‌ను ముగ్గురు పనివాళ్లు పనిరహస్యం చెప్పమని నిలదీసి, చెప్పనందుకు చంపేస్తారు. కొత్తగా చేరేవాడు ఆ శిల్పి స్థానంలో నిలిచి, చచ్చి పడినట్టు పడుకుని, తోటివాళ్లు చెయ్యందిస్తే లేస్తాడు. దానికి తోడు, రహస్యం బయటపెడితే గొంతు కోయించుకుంటానని పాత ప్రమాణాల్లో ఉండేది. ఆ మాటలు దీపాలు వెలిగించే నౌకరు చెవినో, వంటవాడి చెవినో పడి, బజారుకు వచ్చేసరికి గుడిగా మారి ఉంటాయని నా ఊహ. చావు, మళ్లీ లేవడం, రాజు కట్టించిన ఆలయం – ఇవన్నీ ఉన్న ఇంటిని జనం గుడి అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకో పేరు హైదరాబాదుకు దగ్గరది. మీర్ ఆలం చెరువు తెలియని హైదరాబాదీ ఉండడు. ఆ మీర్ ఆలంకు దగ్గరి బంధువు మీర్ అబ్దుల్ లతీఫ్ షూష్తరీ. ఇరాన్ నుంచి వచ్చి, కలకత్తా చూసి, చివరికి హైదరాబాదులో స్థిరపడి ఇక్కడే కన్నుమూశాడు. 1800 ప్రాంతంలో ఆయన రాసిన 'తుహ్ఫతుల్ ఆలం'లో ఈ మేసన్ల ప్రస్తావన ఉంది. పారశీక భాషలో ఫ్రీమేసన్ల గురించిన తొలి రాతల్లో అదొకటి. లోపల ఏం జరిగిందని అడిగితే 'గుర్తు లేదు' అంటారు కాబట్టి జనం దీన్ని 'ఫరామోషీ', మరపు, అంటున్నారని ఆయన రాశాడు. 'ఫ్రీమేసన్' అన్న ఉచ్చారణ కూడా ఆ మాటకు దగ్గరగా ఉండడం కలిసొచ్చింది. అలా 'ఫరామోష్ ఖానా' స్థిరపడింది: మరపు ఇల్లు.

ఈ పేర్లన్నిటి వెనకా జనం అడిగిన ప్రశ్న ఒకటే. ఇది ఏ మతం?

ఆ ప్రశ్నకు జవాబు కోసం లండన్ దాకా వెళ్లాలి.

యూరప్‌లో పెద్ద చర్చిలు కట్టిన రాతిపనివాళ్లకు సంఘాలుండేవి. పని నేర్పే పద్ధతి, పనివాడిని గుర్తుపట్టే సంకేతాలు, కట్టుబాట్లు వాటిలో పుట్టినవే. మన తాపీ మేస్త్రీల దగ్గర శిష్యుడు కొన్నేళ్లు పడుండి పని నేర్చుకున్నట్టే అక్కడా నేర్చుకునేవాడు. 17వ శతాబ్దం నాటికి రాయి ముట్టని పెద్దమనుషులు కూడా ఈ సంఘాల్లో చేరసాగారు. మూలమట్టం నీతికి గుర్తయింది, వృత్తలేఖిని హద్దులకు గుర్తయింది, రసమట్టం సమానత్వానికి గుర్తయింది. 1717లో నాలుగు లండన్ లాడ్జీలు సెయింట్ పాల్స్ దగ్గరి ఒక సారాయి అంగడిలో కూడి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయని సంప్రదాయం చెబుతుంది. అది 1721లో అయి ఉంటుందని ఈమధ్య కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. ఏడాది సంగతి ఎలా ఉన్నా, 1723లో వాళ్ల నియమాల పుస్తకం అచ్చయింది. రాసింది జేమ్స్ ఆండర్సన్, స్కాట్లాండ్ నుంచి వచ్చిన ప్రెస్బిటీరియన్ పాస్టరు. ఆ రోజుల్లో సంఘాన్ని వెనక నుండి నడిపించినవాడు జాన్ డెసాగ్యులియే. న్యూటన్ దగ్గర ప్రయోగాలు చేసిన శాస్త్రజ్ఞుడు, మతాచార్యుడు కూడా. ప్రొటెస్టెంట్లన్న కారణానికి ఫ్రాన్స్ నుంచి తరిమేస్తే పారిపోయి వచ్చిన కుటుంబం ఆయనది.

ఈ ఇద్దరి వెనకా మతం పేరుతో కారిన నెత్తురు ఉంది. ఇంగ్లండ్‌లో రాజు తల పోయింది, అంతర్యుద్ధం వచ్చింది, ఒక చర్చి వాళ్లు ఇంకో చర్చి వాళ్లను జైళ్లలో పెట్టారు. అందుకే ఆ నియమాల పుస్తకంలో మొదటి నియమమే దేవుడు, మతం గురించి. దేవుణ్ణి ఒప్పుకోవాలి, నాస్తికుడు కాకూడదు. అంతకుమించి, మంచివాళ్లందరూ ఒప్పుకునే ధర్మం చాలు, మిగతా అభిప్రాయాలు ఎవరివి వారికి వదిలేయాలి. లాడ్జిలో మతచర్చ, రాజకీయ చర్చ నిషిద్ధం. దేవుడికి ఏ చర్చీ అభ్యంతరపెట్టని పేరు పెట్టారు, విశ్వశిల్పి అని. విశ్వకర్మను కొలిచే ఇళ్లున్న మన దేశంలో ఆ పేరు ఎవరినీ ఆశ్చర్యపరచదు.

1723లో ఆ వాక్యం రాసినప్పుడు వాళ్ల కళ్ల ముందున్నది క్రైస్తవంలోని శాఖలే అయి ఉంటాయి. కానీ రాసిన మాట రాసినవాడి ఉద్దేశానికి కట్టుబడి ఉండదు. 1730ల నాటికే లండన్ లాడ్జీల్లో యూదులు కనిపిస్తారు.

రోము ఊరుకోలేదు. 1738 ఏప్రిల్ 28న పోపు 12వ క్లెమెంట్ 'ఇన్ ఎమినెంటీ' అనే ఆజ్ఞాపత్రం ఇచ్చి, మేసన్లలో చేరే కాథలిక్కును వెలి వేశాడు. ఆయన చెప్పిన కారణాల్లో రెండు ముఖ్యమైనవి: అన్ని మతాలవాళ్లూ ఒకచోట కలవడం, ఏం చేస్తున్నారో చెప్పనని ప్రమాణం చేయడం. లిస్బన్‌లో జాన్ కూస్టోస్ అనే వజ్రాల పనివాడు లాడ్జి నడిపాడని మతన్యాయస్థానం 1743లో పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టింది. బ్రిటిష్ ప్రభుత్వం జోక్యం చేసుకోబట్టి బతికి బయటపడ్డాడు. అన్ని మతాలవాళ్లు పక్కపక్కన కూర్చోవడమే నేరమైన రోజులవి. ఈ సంగతి గుర్తుంటేనే తర్వాతి కథ విలువ తెలుస్తుంది.

ఇక ఓడ ఎక్కుదాం.

1730లో కలకత్తా ఫోర్ట్ విలియంలో మనదేశపు మొదటి లాడ్జి వెలిసింది. మద్రాసుకు 1752లో వచ్చింది. కంపెనీ గుమాస్తాలు, సైనికాధికారులు, ఓడల కెప్టెన్లు వాటిలో సభ్యులు. కొన్ని పటాలాలకు తమతోనే తిప్పుకునే లాడ్జీలుండేవి. పటాలం ఎక్కడ గుడారం వేస్తే లాడ్జి అక్కడే. కంటోన్మెంట్ ఉన్న ఊళ్లన్నిటికీ లాడ్జి పాకడానికి ఇదొక కారణం. సికింద్రాబాదుకూ దండుతోనే వచ్చింది.

అందరూ తెల్లవాళ్లే ఉన్న ఆ ఇంట్లోకి మొదట అడుగుపెట్టిన భారతీయుల్లో ఒకరు ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా పెద్ద కొడుకు ఉమ్దతుల్ ఉమరా. 1775 ప్రాంతంలో తిరుచిరాపల్లి లాడ్జిలో ఆయన్ని చేర్చుకున్నారు. నెల్లూరు, చిత్తూరు సీమలు ఏలిన నవాబుల వారసుడు కాబట్టి ఆయన మనకు పరాయివాడేమీ కాడు. కబురు అందిన లండన్ గ్రాండ్ లాడ్జి సంబరపడిపోయింది. అందంగా అలంకరించిన ఏప్రను, నియమాల పుస్తకం కానుకగా పంపింది. ఆయన పారశీకంలో జవాబు రాశాడు. ముస్లిం కదా, ఏ గ్రంథం మీద ప్రమాణం చేయిస్తారు అన్న గొడవే రాలేదు. రాకపోవడానికి కారణం కనబడుతూనే ఉంది. నవాబుకు కంపెనీ దొరలు వడ్డీలకు అప్పులిచ్చి ఉన్నారు, ఆ అప్పుల కుంభకోణం బ్రిటిష్ పార్లమెంటు దాకా పోయింది. అంతటి ఇంటి యువరాజు తలుపు తడితే మతం ఏమిటని ఎవరడుగుతారు?

ఆ బ్రదర్ బంధం ఎంతవరకు పనికొచ్చిందో కూడా చెప్పాలి. 1795లో ఉమ్దతుల్ ఉమరా నవాబయ్యాడు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక, టిప్పుతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడని కంపెనీ ఆయనపై నేరం మోపింది. 1801 జులైలో ఆయన చనిపోయాడు. ఆ నెలాఖరుకే కర్ణాటక రాజ్యం కంపెనీ చేతుల్లోకి వెళ్లిపోయింది. కంపెనీ షరతులు ఒప్పుకోని కొడుకును పక్కన పెట్టి, ఒప్పుకున్న ఇంకొకరికి పేరుకు మాత్రం నవాబు పదవి ఇచ్చారు. నెల్లూరు, చిత్తూరు అలా కంపెనీ జిల్లాలయ్యాయి. లండన్ నుంచి వచ్చిన ఏప్రను ఆయన రాజ్యాన్ని కాపాడలేదు.

యువరాజుల సంగతి అలా ఉంటే, మామూలు పెద్దమనుషులకు తలుపు తెరుచుకోవడానికి ఇంకో డెబ్బయ్యేళ్లు పట్టింది. తెరిపించినవాడు బొంబాయి పార్శీ మానక్‌జీ కర్సెట్‌జీ. తర్వాత న్యాయాధికారి అయినవాడు, ఆడపిల్లలకు ఇంగ్లిషు చదువు కావాలని పోరాడి బడి పెట్టించినవాడు. బొంబాయి లాడ్జి ఆయన్ని రానివ్వలేదు. ఇంగ్లండ్ వెళ్లినా కుదరలేదు. మనిషి వెనక్కి తగ్గలేదు, 1840ల మొదట్లో పారిస్ వెళ్లి అక్కడి లాడ్జిలో చేరి మేసన్‌గా తిరిగొచ్చాడు. ఇప్పుడు ఆయన సభ్యుడు. రావద్దనడానికి నియమం లేదు, రమ్మనడానికి మనసు లేదు. బొంబాయి లాడ్జి అప్పటికీ తలుపు మూసే ఉంచింది.

ఇక్కడ ఒక తెల్లదొర పేరు గౌరవంతో చెప్పుకోవాలి. డాక్టర్ జేమ్స్ బర్న్స్, స్కాట్లాండ్ వాడు, పశ్చిమ భారతంలో స్కాటిష్ లాడ్జీలకు పెద్ద. ఆయన తమ్ముడు అలెగ్జాండర్ బర్న్స్‌ను 1841లో కాబూల్‌లో అల్లరిమూక నరికి చంపింది. తమ్ముడు పరదేశంలో అలా పోయిన రెండేళ్లకు, 1843 డిసెంబరు 15న, ఆ అన్న భారతీయుల కోసమే ఒక లాడ్జి తెరిచాడు: 'రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా'. పార్శీలు వచ్చారు, ముస్లింలు వచ్చారు. ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేశారు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే.

హిందువుల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పార్శీకి దేవుడొక్కడే, ముస్లింకు దేవుడొక్కడే. హిందువుకు ఎంతమంది? ఏ గ్రంథం? విగ్రహం మొక్కేవాణ్ణి విశ్వశిల్పి భక్తుడని ఎలా అనుకోవాలి? తోటివాడితో కలిసి తినని కులాలవాణ్ణి బ్రదర్ అని ఎలా పిలవాలి? బెంగాల్ మేసన్లు ఈ అభ్యంతరాలన్నీ లేవనెత్తారు. జిల్లా గ్రాండ్ మాస్టర్ అనుమతి లేకుండా ఆసియావాసి ఎవరినీ చేర్చుకోరాదని వాళ్లకు ఒక ఉపనియమం ఉంది, 55వది. 1863లో ప్రసన్న కుమార్ దత్ అనే కలకత్తా వర్తకుడు చేరతానని అడిగాడు. 1857 ముగిసి ఆరేళ్లే అయింది, దొరల గుండెల్లో భయం ఇంకా చల్లారలేదు. అనుమతి రాలేదు. దత్ వాదించాడు, లండన్ దాకా మొరపెట్టుకున్నాడు. మతం అడ్డు కాదని మీ పుస్తకమే చెబుతోందిగా అన్నదే ఆయన బలం. తొమ్మిదేళ్లు పట్టింది. 1872లో 'యాంకర్ అండ్ హోప్' లాడ్జి ఆయన్ని లోపలికి తీసుకుంది.

దొరల అభ్యంతరాల్లో దేవుడి గురించిన దానికి బలం లేదు. దేవుడొక్కడే, పేర్లే వేరని మన ఇళ్లలో అక్షరం రాని ముసలమ్మ కూడా చెబుతుంది. ఆ ముక్క కోసం వేదాంత గ్రంథాలు తిరగేయనక్కర్లేదు. కులం గురించి వేసిన ప్రశ్న మాత్రం నిజమైనదే. దానికి మన దగ్గర సరైన జవాబు లేదు. అయితే ఆ ప్రశ్న వేసినవాళ్లు తమ క్లబ్బుల్లోకి భారతీయుణ్ణి రానివ్వనివాళ్లు. చర్మం రంగును బట్టి బల్లలు వేరు చేసినవాడికి మన పంక్తిభేదాన్ని తప్పుపట్టే అర్హత లేదు.

దత్ చేరిన పన్నెండేళ్లకు అదే 'యాంకర్ అండ్ హోప్' గుమ్మంలోకి ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడొకడు వచ్చాడు. పేరు నరేంద్రనాథ్ దత్తా. 1884 ఫిబ్రవరి 19న మొదటి మెట్టు ఎక్కాడు. ఆ తర్వాత ఆరు రోజులకే, 25న, తండ్రి విశ్వనాథ దత్తా గుండె ఆగి చనిపోయాడు. ఇల్లు అప్పుల్లో పడింది, కుర్రవాడు ఉద్యోగం కోసం చెప్పుల్లేని కాళ్లతో కలకత్తా తిరిగాడు. అలాంటి రోజుల్లోనే ఏప్రిల్ 15న రెండో మెట్టు, మే 20న మూడో మెట్టు పూర్తి చేశాడు. అప్పటికే దక్షిణేశ్వరం రాకపోకలు ఉన్నాయి. తొమ్మిదేళ్ల తర్వాత షికాగో సర్వమత సభలో మాట్లాడిన వివేకానందుడు ఈయనే. సర్వమత సమభావం ఆయనకు లాడ్జి నేర్పిందని కొందరు మేసన్లు అంటారు. నేను ఒప్పుకోను. అది రామకృష్ణుడి దగ్గర పొందిన దీపం. కానీ ఒక హిందువు తొమ్మిదేళ్లు తడితే గానీ తెరుచుకోని తలుపులోంచి ఆయన సునాయాసంగా నడిచి వెళ్లాడన్నది మాత్రం నిజం.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కలకత్తాలో దత్ చేరిన 1872లోనే హైదరాబాదులో ఒక కానుక చేతులు మారింది.

గోషామహల్ బారాదరి గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలపు కట్టడం. రామదాసు కథ వల్ల ప్రతి తెలుగింటికీ తెలిసిన తానీషాయే. గోషా అంటే పరదా, పన్నెండు ద్వారాల మంటపం బారాదరి. పరదా చాటు రాణివాసపు స్త్రీల విహారం కోసం కట్టించారని చెబుతారు. 1687లో గోల్కొండను ఔరంగజేబు గెలిచాడు, తానీషా దౌలతాబాదు కోటలో బందీగా పోయాడు. కట్టించినవాడు అందులో ఎక్కువకాలం సుఖపడలేదు. దాదాపు రెండు వందల ఏళ్లకు, 1872లో, నిజాం ప్రభుత్వం ఆ బారాదరిని ఫ్రీమేసన్లకు ఇచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చాడని రాస్తుంటారు. 1866లో పుట్టిన ఆయనకు అప్పటికి ఆరేళ్లు. రాజ్యం నడుపుతున్నది మొదటి సాలార్‌జంగ్, ఆయనతోపాటు షంసుల్ ఉమరా. కాబట్టి ఇచ్చిన చెయ్యి సాలార్‌జంగ్‌ది అనుకోవాలి. రెసిడెన్సీ దొరలతో మాటా మంచీ సాగాలి, నగరంలోని ఉమరావులూ దొరలూ ఒకచోట కూర్చునే నీడ ఒకటి కావాలి. క్లబ్బులో అది కుదరదు, దర్బారులో ఎవరి హోదా వారిదే. లాడ్జిలో మాత్రం ఏప్రను కట్టుకున్నాక, ఆ రెండు మూడు గంటలైనా, అందరిదీ ఒకే మట్టం.

అక్కడి నుంచి చార్మినారుకు సొరంగం ఉందనీ, గోల్కొండకు ఉందనీ, రాత్రిళ్లు దయ్యాలు తిరుగుతాయనీ పాత బస్తీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. తమిళులకు తలలు నరికే గుడి, మనవాళ్లకు సొరంగాల మహలు. తలుపు మూసి ఉంటే కథలు పుట్టకుండా ఎవరూ ఆపలేరు.

లాడ్జిలో అన్ని మతాలవాళ్లూ కలిశారన్న మాటకు ప్రపంచమంతా ప్రచారం ఇచ్చినవాడు రడ్యార్డ్ కిప్లింగ్. 1886లో లాహోర్ లాడ్జిలో చేరాడు. అప్పటికి ఇరవయ్యేళ్లే, చేరే వయసు ఇరవయ్యొకటి, కార్యదర్శి అవసరమై ప్రత్యేక అనుమతితో చేర్చుకున్నారు. తర్వాత ఆయన రాసిన 'ద మదర్ లాడ్జ్' అనే పద్యంలో హిందువు, ముస్లిం, సిక్కు, యూదుడు, చివరికి పోపు వద్దన్న కాథలిక్కు కూడా పక్కపక్కన కూర్చుంటారు. అయితే తనకు మూడు మెట్లు ఎక్కించింది మూడు వేర్వేరు మతాలవాళ్లని ఆయన ముసలితనంలో చెప్పుకున్నది లాడ్జి దస్త్రాలతో సరిపోలదు. ఎక్కించినవాళ్లు ఇంగ్లిషువాళ్లే. ఆయన అబద్ధమాడాడని నేననను, అలా ఉంటే బాగుండునని కోరుకున్నది జ్ఞాపకంగా స్థిరపడి ఉంటుంది. సామ్రాజ్యాన్ని అంతగా సమర్థించిన కవికి కూడా ఆ గదిలో గడిపిన సాయంత్రాలే ప్రీతిపాత్రం అయ్యాయంటే, ఆ గదికి ఏదో బలం ఉండి ఉండాలి.

ఆ గదిలో ఆడవాళ్లు లేరు. ఇంగ్లిషు పద్ధతి లాడ్జీల్లో ఇప్పటికీ లేరు. స్త్రీ పురుషులు ఇద్దరూ చేరే శాఖ 1893లో పారిస్‌లో పుట్టింది. 1902లో అందులో చేరిన అనీబిసెంట్ దాన్ని మనదేశానికి తెచ్చి, అడయారులో నిలబెట్టింది. థియాసఫీ ప్రభావం ఉన్న తెలుగు ఊళ్లలో దాని జాడలు వెతకవలసి ఉంది. అది వేరే కథ.

దేవుడి మాటే వద్దన్నవాళ్లు కూడా ఉన్నారు. 1877లో ఫ్రాన్సు గ్రాండ్ ఓరియంట్ దేవుడి మీద నమ్మకం ఉండాలన్న నియమాన్ని తీసేసింది. లండన్ వెంటనే దానితో తెగతెంపులు చేసుకుంది. ఇప్పటికీ కలవలేదు. అంటే ఏ మతమైనా ఫరవాలేదన్న ఇల్లే, మతం లేకపోవడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. గోరా గారు విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి వచ్చి తలుపు తట్టి ఉంటే, లోపలికి రానిచ్చేవారు కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక పద్నాలుగేళ్లకు, 1961 నవంబరు 24న, న్యూఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లాండ్ గ్రాండ్ లాడ్జీలు మూడూ కలిసి దాన్ని ప్రతిష్ఠించాయి. మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్. మన తెలుగు ఊళ్ల లాడ్జీలు దాని దక్షిణ విభాగం కిందికి వస్తాయి, కేంద్రం చెన్నై. భారతీయ లాడ్జి వేదిక మీద భగవద్గీత, ఖురాన్, బైబిలు, గురుగ్రంథ్ సాహెబ్, జెంద్ అవెస్తా – ఐదింటికీ చోటుంది. చేరేవాడు తన గ్రంథం మీద చెయ్యి వేస్తాడు. లండన్‌లో 1723లో పుస్తకం రాసినవాళ్లు ఈ వేదికను ఊహించి ఉండరు. ఇది వాళ్లు దయతో ఇచ్చింది కూడా కాదు. తిరుచిరాపల్లిలో ఒక నవాబు కొడుకు, బొంబాయిలో ఒక పార్శీ, కలకత్తాలో ఒక వర్తకుడు వరసగా గుమ్మం ముందు నిలబడి, మీ మాట మీరు నిలబెట్టుకోండి అని అడగ్గా అడగ్గా ఏర్పడిన వేదిక అది.

సరిహద్దుకు అవతల వేరేలా జరిగింది. దత్ చేరిన సరిగ్గా వందేళ్లకు, 1972లో, పాకిస్తాన్ ప్రభుత్వం లాడ్జీలను స్వాధీనం చేసుకుంది. కిప్లింగ్ రాసిన లాహోర్‌లో ఇవాళ మేసన్లు లేరు. రోము కూడా మారలేదు. 1983లో కొత్త చర్చి చట్టంలో మేసన్ల పేరు తీసేస్తే, నిషేధం పోయిందని చాలామంది అనుకున్నారు. పోలేదని ఆ ఏడాది నవంబరులోనే కార్డినల్ రాట్సింగర్ సంతకంతో ప్రకటన వచ్చింది. 2023లో మళ్లీ అదే చెప్పారు. ఇంగ్లండ్ మేసన్లు మాత్రం 1986లో గొంతు కోత వంటి శిక్షల మాటలను ప్రమాణాల్లోంచి తీసేశారు.

మరి ఇది మతమా? మతం కాదని మేసన్లు అంటారు. మోక్షం చూపిస్తామని వాళ్లు చెప్పరు, పాపాలు కడగరు, దేవుడు ఇలాంటివాడని బోధించరు. ఇవన్నీ నిజమే. కానీ వేదిక ఉంది, గ్రంథం ఉంది, ప్రార్థన ఉంది, దీక్ష ఉంది, చచ్చి లేచే తంతు ఉంది, కట్టడాన్ని 'టెంపుల్' అని వాళ్లే పిలుచుకుంటారు. మతం ఇంట్లోని సామాను అంతా తెచ్చుకుని, ఇంటి యజమానిని మాత్రం ఎవరిష్టానికి వాళ్లకు వదిలేశారు. చర్చికి దీనిమీద ఉన్న అనుమానం తీరకపోవడం నాకు అర్థమవుతుంది. చదువురాని తమిళ నౌకరు దాన్ని కోవిల్ అన్నాడు, రోములో పోపు దాన్ని పోటీ గుడి అనుకున్నాడు. ఇద్దరికీ కనిపించింది ఒకటే.

గోషామహల్ బారాదరిలో లాడ్జి ఇప్పటికీ ఉంది.

పాఠకులకు ఒక మనవి. మీ తాతగారో ముత్తాతగారో నిజాం కొలువులోనో, మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లోనో వకీలుగా, డాక్టరుగా, పోలీసు అధికారిగా పనిచేసి ఉంటే, ఇంటి అటక మీది పాత పెట్టెలో నీలం అంచు తెల్ల తోలు ఏప్రనో, మూలమట్టం-వృత్తలేఖిని ముద్ర ఉన్న పతకమో, లాడ్జి నంబరు వేసిన పాత కాగితమో ఉండవచ్చు. దయ్యాల సామాను అని భయపడి కాల్చేసిన ఇళ్లున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. లాడ్జి పేరు, తేదీ, ఊరు ఉన్న ముక్క చిన్నదైనా సరే, ఫోటో తీసి ఉంచండి, ఈ పత్రికకు ఒక ఉత్తరం రాయండి. తెలుగు ఊళ్ల లాడ్జీల చరిత్ర ఇంకా మన ఇళ్ల పెట్టెల్లోనే ఉంది.

(ఇంకా ఉంది)